బండి ఆగిన చోట మొదలైన రాత

1903లో ఇంగ్లండ్‌లో మోటార్‌సైకిల్ కొన్నవాడికి బయల్దేరడం ఒక్కటే తన చేతిలో ఉండేది. ఎప్పుడు చేరతాడో, అసలు చేరతాడో లేదో బండే తేల్చేది. ఇంజన్ బలాన్ని వెనక చక్రానికి మోసేది ఒక పట్టీ. వానకు తడిస్తే జారేది, వాడగా వాడగా సాగేది, ఒక్కోసారి నడిరోడ్డు మీద తెగేది. చాలా బండ్లకు క్లచ్చు లేదు, గేర్లు లేవు. పెడల్ తొక్కి ఇంజన్ అందుకునేలా చేయాలి, లేదా తోసుకుంటూ పరిగెత్తి ఎగిరి కూర్చోవాలి. ఎత్తు ఎక్కుతుంటే ఇంజనుకు తోడుగా కాళ్లూ పనిచేయాలి. నూనె కూడా దానంతట అది ఇంజన్లోకి వెళ్లేది కాదు. నడిపేవాడే దారిలో గుర్తుపెట్టుకుని ట్యాంకు దగ్గరున్న చేతిపంపు నొక్కాలి. మరిచిపోతే పిస్టన్ పట్టేస్తుంది, అతిగా నొక్కితే ప్లగ్గు నూనెలో తడిసి నిప్పురవ్వ ఆగిపోతుంది. చీకటి పడ్డాక దీపం వెలగాలంటే కార్బైడ్ మీద నీటి చుక్కలు పడాలి. రోడ్ల నిండా గుర్రపు నాడాల నుంచి ఊడిన మేకులు. పంక్చర్ పడని ప్రయాణం అదృష్టమే.

దారి పక్కన మెకానిక్ షెడ్డు అన్న మాటే లేని కాలమది. ఊళ్లో ఉంటే ఒక కమ్మరి, ఒక సైకిల్ షాపు. పెట్రోలు డబ్బాల్లో కొనుక్కోవాలి. అందుకే ఒకడి బండి ఆగిపోయి కనిపిస్తే వెనక వచ్చేవాడు చూసీ చూడనట్టు పోయేవాడు కాదు. ఇవాళ వీడిది, రేపు తనది. ఒకరి దగ్గర పట్టీ అతుకు వేసే కొక్కెం ఉండేది, ఇంకొకరి సంచిలో స్పేరు వాల్వు ఉండేది, మూడోవాడికి ఆ చప్పుడు ఎందుకొస్తుందో తెలిసి ఉండేది. ఒకరి పేరొకరు అడగకముందే ఇద్దరి చేతులూ నల్లబడేవి. అలా దారిలో దొరికిన సాయం ఉత్తరాలకు ఎక్కింది, ఉత్తరాలు పత్రికలను నింపాయి, ఆ పత్రికలు రాసేవాళ్లూ చదివేవాళ్లూ కలిసి క్లబ్బులు కట్టుకున్నారు. మోటార్‌సైకిల్ మీద వచ్చిన మంచి రాతకు నూట ఇరవై ఏళ్లకు పైబడిన చరిత్ర ఉంది. ఆ చరిత్రలో పరుగెత్తిన బండి కంటే ఆగిపోయిన బండి పాత్రే పెద్దది.

నీలం అట్ట, ఆకుపచ్చ అట్ట

1902 ఫిబ్రవరిలో లండన్‌లో టెంపుల్ ప్రెస్ సంస్థ ‘మోటార్ సైక్లింగ్’ అనే వారపత్రిక మొదలుపెట్టింది. ఏడాది తిరిగేసరికి అది కార్ల వైపు మళ్లి ‘ది మోటార్’ అని పేరు మార్చుకుంది. ఆ ఖాళీలోకి 1903 మార్చి 31న ఇలిఫ్ సంస్థ ‘ది మోటార్ సైకిల్’ను తెచ్చింది. 1909లో ‘మోటార్ సైక్లింగ్’ మళ్లీ బతికొచ్చింది. అప్పటి నుంచి 1967లో రెండూ ఒకటయ్యే దాకా ఈ పత్రికలు పోటాపోటీగా నడిచాయి. ఒకదాని అట్ట నీలం, రెండోదాని అట్ట ఆకుపచ్చ. పాఠకులు వాటిని రంగుతోనే పిలుచుకునేవారు. ఏ రంగు పత్రిక తెప్పిస్తావన్నదాన్ని బట్టి మనిషిని అంచనా కట్టేంతగా అభిమానాలు చీలిపోయాయి.

ఈ పత్రికలకు ప్రాణం పాఠకుల ఉత్తరాలు. ఏ ఎత్తును ఏ బండి దిగకుండా ఎక్కింది, ఏ ప్లగ్గు ఎన్ని మైళ్లు ఆగింది, టైరు ఊడదీయడానికి సులువైన పద్ధతేది, కార్బ్యురేటర్‌లో నీళ్లు చేరితే ఏం చేయాలి అన్నవి వారం వారం చర్చకు వచ్చేవి. తయారీదారు ప్రకటనలో గొప్పగా చెప్పిన మాటను, ఆ బండి కొని చేతులు కాల్చుకున్నవాడు పక్క పేజీలోనే పరీక్షకు పెట్టేవాడు. రాసేవాడికి పెద్ద చదువు, పదవి అక్కర్లేదు. బండి నడిపి ఉండాలి, విప్పి చూసి ఉండాలి. ఆ అర్హత ఉన్న డాక్టరైనా, గుమాస్తా అయినా, ఫ్యాక్టరీ కార్మికుడైనా ఒకే వరుసలో కూర్చునేవాడు. వర్గభేదాలు గట్టిగా పాతుకున్న ఆనాటి ఇంగ్లండ్‌లో ఇది చిన్న సంగతి కాదు.

ఆ వరుసలోంచి వచ్చినవాడే బాసిల్ హెన్రీ డేవిస్. 1879లో పుట్టాడు, వృత్తి చర్చిలో మతగురువు. ‘ఇక్సియన్’ అన్న కలం పేరుతో ‘ది మోటార్ సైకిల్’లో అర్ధ శతాబ్దానికి పైగా శీర్షిక నడిపాడు. గ్రీకు పురాణంలో, ఎప్పటికీ ఆగకుండా తిరిగే అగ్నిచక్రానికి దేవతలు కట్టేసిన రాజు ఇక్సియన్. తొలి రోజుల బండ్ల కష్టాలన్నీ పడ్డవాడికి ఆ పేరు బాగా అతికింది. పట్టీతో నడిచే ఒంటి సిలిండర్ బండి దగ్గర మొదలుపెట్టి, రెండో ప్రపంచ యుద్ధం తర్వాతి నున్నటి యంత్రాల దాకా ఆయన అన్నీ నడిపాడు. కొత్త బండి బాగుంటే మెచ్చాడు, బాగోలేకపోతే ఎందుకు బాగోలేదో చెప్పాడు. సీటు ఎక్కడ గుచ్చుకుంటుంది, మడ్‌గార్డు బురదను ఎటు చిమ్ముతుంది వంటి చిన్న విషయాలను ఆయన చిన్నచూపు చూడలేదు. తన జ్ఞాపకాలను, మోటార్‌సైకిల్ ఎదిగిన కథను పుస్తకాలుగా తెచ్చాడు. వాటిలో 1950 ప్రాంతంలో వచ్చిన ‘మోటార్ సైకిల్ కావల్కేడ్’ను పాత బండ్ల అభిమానులు ఇప్పటికీ వెతికి కొంటారు. 1961లో ఆయన చనిపోయేనాటికి, ఆయన శీర్షిక చదువుతూ పెరిగిన పిల్లలు తాతలయ్యారు.

భోజనాల బల్ల మీద పుట్టిన పందెం

పత్రికలు వార్తలు రాయడంతో ఆగలేదు, వార్తలు పుట్టించాయి కూడా. అన్నిటికంటే పెద్ద ఉదాహరణ ఐల్ ఆఫ్ మ్యాన్ టీటీ అనే మోటార్‌సైకిల్ పందెం.

1903 చట్టం బ్రిటన్‌లో మోటారు బండ్ల వేగాన్ని గంటకు 20 మైళ్లకు, అంటే 32 కిలోమీటర్లకు కట్టేసింది. రోడ్డు మూసి పందెం పెట్టడానికి వీల్లేదు. 1906లో అప్పటి ఆస్ట్రియా-హంగరీలో జరిగిన అంతర్జాతీయ పందానికి వెళ్లిన బ్రిటిష్ వాళ్లు అక్కడి ఏర్పాట్లు చూసి విసిగిపోయారు. తిరుగు ప్రయాణంలో రైల్లో మ్యాచ్‌లెస్ బండ్లు తయారుచేసే కొలియర్ సోదరులు, ఆటో-సైకిల్ క్లబ్ కార్యదర్శి ఫ్రెడ్డీ స్ట్రెయిట్, మార్క్విస్ దె మూజియీ సెయింట్ మార్స్ కూర్చుని మాట్లాడుకున్నారు. పందెం కోసమే చెక్కిన బక్క యంత్రాలకు కాకుండా, జనం రోజూ వాడే బండ్లకు పోటీ పెడితే ఎలా ఉంటుంది? 1907 జనవరి 17న లండన్‌లో క్లబ్ వార్షిక విందులో ‘ది మోటార్ సైకిల్’ సంపాదకుడు లేచి ఆ ప్రతిపాదనను అందరి ముందు పెట్టాడు. వేదిక ఐల్ ఆఫ్ మ్యాన్. ఆ దీవికి సొంత చట్టసభ ఉంది, రోడ్లు మూసి పందెం నడపడానికి అది అనుమతిస్తుంది.

1907 మే 28న మొదటి టీటీ జరిగింది. బండికి సీటు, మడ్‌గార్డులు, సైలెన్సర్, పనిముట్లు ఉండి తీరాలి. పెట్రోలు కూడా కొలిచి ఇచ్చారు: ఒంటి సిలిండర్ బండి గాలన్‌కు 90 మైళ్లు, జంట సిలిండర్ బండి 75 మైళ్లు ఇవ్వాలి. 25 మంది బయల్దేరారు. ఒంటి సిలిండర్ తరగతిలో చార్లీ కొలియర్ మ్యాచ్‌లెస్ మీద గంటకు 38.21 మైళ్ల సగటుతో గెలిచాడు. జంట సిలిండర్ తరగతి విజేత రెమ్ ఫౌలర్. ఆయన నార్టన్ బండికి ప్యూజో ఇంజన్ ఉంది. దారి పొడవునా ఆయనను ప్లగ్గులు ఏడిపించాయి, పట్టీ ఏడిపించింది, ముందు టైరు పేలి పడిపోయాడు. ఇక చాలు అనుకుంటున్న సమయంలో, నువ్వు అరగంట ముందున్నావని పక్కనున్న ప్రేక్షకుడొకరు చెప్పారు. ఫౌలర్ టైరు బాగుచేసుకుని మళ్లీ ఎక్కాడు. దారిన పోయేవాడి ఒక్క మాట టీటీ తొలి విజేతల పట్టికలో ఒక పేరును నిలబెట్టింది.

అప్పటికే క్లబ్బులు వేళ్లూనుకుంటున్నాయి. 1901లో పుట్టిన మోటార్ సైక్లింగ్ క్లబ్ 1904 నుంచి లండన్-ఎడిన్‌బరో పరీక్షా యాత్ర నడిపింది. ఒకరిని దాటి ఒకరు దూసుకుపోవడం అక్కడ గొప్ప కాదు. రాత్రంతా నడిపి, చెప్పిన వేళకు చెప్పిన చోటికి చేరడమే గొప్ప. మొదటి ప్రపంచ యుద్ధం తర్వాత చవక బండ్లు వచ్చాక దాదాపు ప్రతి ఊళ్లోనూ ఒక క్లబ్బు వెలిసింది. ఆదివారం యాత్ర, బుధవారం సమావేశం, ఏడాదికోసారి విందు. ఆ క్లబ్బుల నివేదికలతో పత్రికల వెనక పేజీలు నిండేవి. తన పేరు అచ్చులో మొదటిసారి చూసుకున్న క్లబ్ కార్యదర్శుల్లో కొందరు తర్వాత నిలకడగా రాసే రచయితలయ్యారు.

ఇద్దరమ్మాయిలు, ఒక ప్యాంథర్

ఈ లోకం మగవాళ్లదేనని అనుకుంటే పొరపాటు. 1920లలో బెట్టీ, నాన్సీ డెబెన్‌హామ్ అనే అక్కచెల్లెళ్లు బీఎస్‌ఏ బండ్ల మీద పోటీల్లో పాల్గొంటూ పత్రికలకు రాశారు. 1928లో ఆడవాళ్లకు మోటార్‌సైకిల్ నడపడం, చూసుకోవడం నేర్పే పుస్తకం వెలువరించారు. ఆడపిల్లకు బండెందుకు అనేవాళ్లకు వాళ్లు వాదనతో జవాబు చెప్పలేదు. ఏ బట్టలు వేసుకోవాలి, ఏ బండి తేలిగ్గా కదులుతుంది, చెడితే ఎలా విప్పాలి అని పని నేర్పారు.

1934 డిసెంబర్ 11న లండన్ నుంచి థెరెసా వాలక్, ఫ్లారెన్స్ బ్లెంకిరన్ అనే స్నేహితురాళ్లు 600 సీసీ ప్యాంథర్ బండి మీద బయల్దేరారు. పక్కన సైడ్‌కార్, వెనక ట్రైలర్. గమ్యం ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్‌టౌన్. దారిలో సహారా ఎడారి. ఇసుకలో చక్రాలు కూరుకుపోతే తవ్వి తీశారు, విరిగినవి అతికించుకున్నారు, ఇంజన్ మొరాయిస్తే విప్పి కూర్చున్నారు. 1935 జులై 29న కేప్‌టౌన్ చేరారు. 1939లో వాలక్ బ్రూక్‌లాండ్స్ ట్రాక్ మీద గంటకు 100 మైళ్లు దాటి బంగారు నక్షత్రం అందుకుంది. యుద్ధంలో బ్రిటిష్ సైన్యానికి మోటార్‌సైకిల్ మీద సందేశాలు మోసింది. 1950లో అమెరికాలో లూయీజ్ షెర్బిన్ మహిళల అంతర్జాతీయ మోటార్‌సైకిల్ సంఘం పెట్టినప్పుడు దాని ఉపాధ్యక్షురాలైంది. ఆఫ్రికా యాత్రను ఆమె రాసిన పుస్తకం ‘ది రగ్డ్ రోడ్’ 2001లో, ఆమె చనిపోయాక వెలుగు చూసింది. ఆ తర్వాత ఒంటరిగా దూరయాత్రలు చేసే ఎందరో అమ్మాయిలకు అది దారి చూపింది.

నాటింగ్‌హామ్‌లో జార్జ్ బ్రఫ్ తయారుచేసిన బ్రఫ్ సుపీరియర్ బండ్ల కథలోనూ స్నేహం, రాత కలిసే ఉన్నాయి. 1919 నుంచి 1940 దాకా మొత్తం తయారైనవి మూడు వేల పైచిలుకే. మోటార్‌సైకిళ్లలో రోల్స్‌రాయిస్ అన్న పొగడ్తను ఆ బండికి మొదట ఇచ్చింది ‘ది మోటార్ సైకిల్’ విలేకరి. బ్రఫ్ ఆ మాటను జీవితాంతం ప్రకటనల్లో వాడుకున్నాడు. వాటిని వరసగా ఏడు కొన్న అభిమాని టి.ఇ. లారెన్స్, అరేబియా లారెన్స్‌గా పేరుపడ్డ సైనికుడు, రచయిత. బ్రఫ్‌కు, ఆయనకు మధ్య ఉత్తరాలు నడిచాయి, కొనేవాడు, అమ్మేవాడు అన్న హద్దు చెరిగిపోయింది. వాయుసేనలో మామూలు సిపాయిగా ఉన్న రోజుల గురించి రాసిన ‘ది మింట్’ పుస్తకంలో తన బండికీ ఒక యుద్ధ విమానానికీ జరిగిన పరుగును లారెన్స్ వర్ణించాడు. మోటార్‌సైకిల్ వేగం మీద ఇంగ్లీషులో వచ్చిన మేలైన వచనాల్లో దాన్ని లెక్కపెడతారు. 1935 మేలో డోర్సెట్‌లో తన ఇంటి దగ్గరే ఆయన బండి అదుపు తప్పింది. ఆరు రోజులకు కన్నుమూశాడు. చికిత్సలో పాల్గొన్న మెదడు శస్త్రవైద్యుడు హ్యూ కెయిర్న్స్ ఆ మరణాన్ని మరిచిపోలేదు. తలకు తగిలే దెబ్బల మీద పరిశోధన చేసి 1941లో ప్రచురించాడు. ఇవాళ మన తల మీదున్న హెల్మెట్ వెనక ఆ పని ఉంది.

పందెం గెలిచినవాడే పత్రికకు సంపాదకుడైన ఉదాహరణ గ్రాహం వాకర్. మొదటి ప్రపంచ యుద్ధంలో సైనిక సందేశాలు మోస్తూ కాలికి గాయపడ్డాడు. ఆ కాలితోనే 1931లో రడ్జ్ బండి మీద లైట్‌వెయిట్ టీటీ గెలిచాడు. 1938 నుంచి 1954 దాకా ‘మోటార్ సైక్లింగ్’ను నడిపాడు. బీబీసీ రేడియోలో టీటీ వ్యాఖ్యానం కూడా ఆయనదే. ఆయన పక్కన కూర్చుని పని నేర్చుకున్న కొడుకు ముర్రే వాకర్ తర్వాతి కాలంలో ఫార్ములా వన్ గొంతుకగా ప్రపంచమంతా తెలిశాడు.

ఫ్యాక్టరీలో పనిచేస్తూ అదే పత్రికకు రాసినవాడు ఫిల్ ఇర్వింగ్, ఆస్ట్రేలియా ఇంజనీరు. ఒక సైడ్‌కార్ యాత్రికుడికి తోడుగా హెచ్‌ఆర్‌డీ బండి మీద 1930లో మెల్‌బోర్న్ నుంచి ఇంగ్లండ్‌కు బయల్దేరాడు. అక్కడ స్టీవెనేజ్‌లో ఆ బండ్లు తయారుచేసే ఫిలిప్ విన్సెంట్ ఫ్యాక్టరీలో చేరాడు. ఇద్దరూ కలిసి 1936లో రాపిడ్ అనే 998 సీసీ జంట సిలిండర్ బండి తెచ్చారు. ‘మోటార్ సైక్లింగ్’లో ఇర్వింగ్ ‘స్లైడ్ రూల్’ కలం పేరుతో రాసేవాడు. 1948లో వచ్చిన ఆయన ‘ట్యూనింగ్ ఫర్ స్పీడ్’ ఇంజన్‌ను గొప్పగా పొగడదు. వాల్వు ఎలా కూర్చోవాలి, పిస్టన్‌కు ఎంత సందు ఉండాలి, కంప్రెషన్ పెంచితే ఏం జరుగుతుంది అని పాఠంలా చెబుతుంది. ఇంట్లో వసారాలో బండి విప్పే కుర్రాడికి ఫ్యాక్టరీ ఇంజనీరు తన విద్యను దాచకుండా ఇచ్చాడు. అదే ఇర్వింగ్ తర్వాత రూపొందించిన ఇంజన్‌తో జాక్ బ్రాబమ్ 1966లో ప్రపంచ కారు పందెం కిరీటం గెలిచాడు.

పాత ఇనుముకు కొత్త కాపలాదార్లు

రెండో ప్రపంచ యుద్ధం ముగిసేసరికి ఇంగ్లండ్‌లో పాత బండి అంటే పాత ఇనుము. పెట్రోలుకు రేషన్. 1946 ఏప్రిల్ 28న గిల్డ్‌ఫర్డ్ దగ్గర హాగ్స్ బ్యాక్ అనే గుట్టదారిలో ఒక కేఫ్ దగ్గరికి కొందరు తమ పాత బండ్ల మీద చేరారు. పిలిచినవాడు సి.ఇ. అలెన్, అందరికీ ‘టిచ్’. ఆ రోజు పుట్టిందే వింటేజ్ మోటార్ సైకిల్ క్లబ్. 1931కి ముందు తయారైన బండ్లను కాపాడటం మొదటి నియమం. తర్వాత ఆ గీతను జరుపుతూ పోయి, పాతికేళ్లు దాటిన ఏ బండికైనా చోటిచ్చారు.

టిచ్ అలెన్ పాత బండిని అద్దాల బీరువాలో పెట్టడానికి ఒప్పుకోలేదు. నడపాలి, నడిపి రాయాలి. ఇరవై, ముప్పై ఏళ్ల కిందటి బండిని రోడ్డు మీదికి తీసుకెళ్లి, కొత్త బండిని పరీక్షించినంత శ్రద్ధగా పరీక్షించి రాసిన ఆయన వ్యాసాలను క్లబ్బు ‘వింటేజ్ రోడ్ టెస్ట్ జర్నల్’ పేరుతో సంపుటాలుగా వేసింది. బ్రేకు ఎంత దూరంలో ఆపుతుంది, చేతి గేరు ఏ చప్పుడు దగ్గర మార్చాలి, మలుపులో బండి ఎటు లాగుతుంది అన్నవి అందులో ఉంటాయి. ఆ బండ్లు చేసిన కంపెనీలు అప్పటికే మూతపడ్డాయి. వాటిని ఎలా నడపాలో చెప్పేవాళ్లు ఈ క్లబ్బువాళ్లే. బర్టన్ అపాన్ ట్రెంట్‌లోని క్లబ్బు కార్యాలయానికి అలెన్ పేరే పెట్టారు. అక్కడి గ్రంథాలయంలో పాత పత్రికలు, విడిభాగాల పుస్తకాలు, కొన్ని ఫ్యాక్టరీల రికార్డులు ఉన్నాయి. ఒక్కో కంపెనీ బండ్ల మీద అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పడానికి ఆ బండిని ఏళ్ల తరబడి విప్పిన సభ్యులు స్వచ్ఛందంగా పనిచేస్తారు.

తర్వాత ఒక్కో పేరు చుట్టూ ఒక్కో క్లబ్బు. విన్సెంట్ యజమానుల క్లబ్బు 1948లో పుట్టింది, పత్రిక పేరు ‘ఎంపీహెచ్’. వెలోసెట్ వాళ్లది ‘ఫిష్‌టెయిల్’, ఆ బండి సైలెన్సర్ ఆకారం మీదుగా. నార్టన్ వాళ్లది ‘రోడ్‌హోల్డర్’, దాని ముందు ఫోర్కుల పేరు. ఏజేఎస్, మ్యాచ్‌లెస్ వాళ్లది ‘ది జామ్‌పాట్’, వెనక షాక్ అబ్జార్బర్లకు జనం పెట్టిన ముద్దుపేరు. వీటికి రాసేవాళ్లకు పారితోషికం ఉండదు. పనిలోంచి దిగాక రాత్రి వంటగది బల్ల మీద కూర్చుని, నూనె మరకలు తుడుచుకుంటూ రాసిన కాగితాలవి. ఏ సైజు బేరింగ్ ఇంకా ఏ దుకాణంలో దొరుకుతుందో, ఏ భాగాన్ని పాత కొలతల కంటే కాస్త మందంగా చేయిస్తే మన్నుతుందో వాటిలోనే దొరికేది.

ఈ రాత విలువ ఎంతటిదో ఫ్యాక్టరీలు కూలినప్పుడు తెలిసింది. విన్సెంట్ 1955లో బండ్ల తయారీ ఆపేసింది. రాయల్ ఎన్‌ఫీల్డ్ ఇంగ్లండ్‌లో 1970లో, వెలోసెట్ 1971లో ఆగిపోయాయి. హోండా 1959లో టీటీకి వచ్చి, 1969లో నాలుగు సిలిండర్ల సీబీ750తో మార్కెట్‌ను తిరగేసింది. బీఎస్‌ఏ 1970ల మొదట్లోనే చితికిపోయింది. మెరిడెన్‌లో ట్రయంఫ్ కార్మికులు ఫ్యాక్టరీని ఆక్రమించి, సహకార సంఘంగా 1983 దాకా నడిపి చేతులెత్తేశారు. తయారీదారే లేనప్పుడు విడిభాగం ఎక్కడిది? విన్సెంట్ క్లబ్బు సభ్యులు 1970లలో సొంత డబ్బు వేసుకుని విడిభాగాల కంపెనీయే పెట్టుకున్నారు. పత్రికలో పోగైన కొలతలు, అనుభవాలు అక్కడ పెట్టుబడిలా పనికొచ్చాయి. 1978లో ‘క్లాసిక్ బైక్’, 1981లో ‘ది క్లాసిక్ మోటార్ సైకిల్’ బజారులోకి వచ్చేనాటికి పాత బండి కోసం వెతుకుతున్న పాఠకులు సిద్ధంగా ఉన్నారు.

పందెం గెలిచిన సంపాదకులు

అట్లాంటిక్ అవతల ఇదే ప్రేమ ఇంకో రూపం తీసుకుంది. 1970లలో అమెరికాలో ‘సైకిల్’ పత్రిక సంపాదకుడు కుక్ నీల్సన్. ఆయన సహచర సంపాదకుడు ఫిల్ షిల్లింగ్, చరిత్ర చదివి ఇటలీ బండ్ల మోజులో పడ్డవాడు. ఇద్దరూ డ్యుకాటి 750 సూపర్ స్పోర్ట్ బండిని పరీక్షించి, రాసి అక్కడితో ఊరుకోలేదు. నీల్సన్ నడిపేవాడు, షిల్లింగ్ ఇంజన్ సంగతి చూసేవాడు. పగలు పత్రిక, రాత్రి బండి. 1976లో డేటోనా సూపర్‌బైక్ పందెంలో మూడో స్థానం. 1977 మార్చిలో అదే ట్రాక్ మీద జపాన్ కంపెనీల బండ్లను వెనక్కి నెట్టి గెలిచారు. డ్యుకాటికి అమెరికా సూపర్‌బైక్ పందేల్లో అదే తొలి గెలుపు. కాగితం మీద బండ్లకు మార్కులు వేసేవాళ్లు తమ మాటను ట్రాక్ మీద రుజువు చేసుకున్నారు. అందుకే ఆ తరం పాఠకులు ‘సైకిల్’లో వచ్చిన సాంకేతిక వ్యాసాన్ని నమ్మకంతో చదివారు.

పీటర్ ఈగన్ కథలో గెలుపు లేదు, ఆగిన బండి ఉంది. విస్కాన్సిన్‌లో విదేశీ కార్లు బాగుచేసే మెకానిక్ ఆయన. భార్యతో కలిసి నార్టన్ కమాండో మీద పడమటి తీరానికి బయల్దేరితే మోంటానాలో బండి చేతులెత్తేసింది. ఆ పూర్తికాని యాత్రను రాసి ‘సైకిల్ వరల్డ్’కు పంపాడు. 1977లో అచ్చయింది. 1980లో ఆ పత్రికలోనే ఉద్యోగం. ఆ తర్వాత దశాబ్దాల పాటు పాత బండ్లు కొనడం, విప్పడం, స్నేహితులతో తిరగడం మీద ఆయన రాసిన శీర్షికకు పాఠకులు అలవాటుపడ్డారు. మెకానిక్ చేతికి తెలిసిన ఓపిక ఆయన వాక్యంలో ఉంది. నట్టు బిగుసుకుపోతే విరగ్గొట్టకుండా నూనె వేసి ఆగే మనిషి రాసిన వాక్యమది.

మద్రాసు, మైసూరు, మన షెడ్లు

ఈ కథలో మన దిక్కుకు ఒక నిజమైన ముడి ఉంది. భారత సైన్యం సరిహద్దు గస్తీకి 350 సీసీ బుల్లెట్లను ఎంచుకున్నాక, 1955లో ఇంగ్లండ్‌లోని రెడ్డిచ్‌కు చెందిన రాయల్ ఎన్‌ఫీల్డ్ కంపెనీ, మద్రాస్ మోటార్స్ కలిసి ఎన్‌ఫీల్డ్ ఇండియా పెట్టాయి. మద్రాసు శివారు తిరువొత్తియూరులో ఫ్యాక్టరీ. అసలు కంపెనీ ఇంగ్లండ్‌లో మూతపడ్డా ఇక్కడ పాత బుల్లెట్ తయారవుతూనే వచ్చింది. 1977లో మద్రాసు బుల్లెట్లు ఓడెక్కి బ్రిటన్‌కు తిరిగి వెళ్లాయి. పాత బండి కోసం తుప్పు గీకుతూ కూర్చున్న అక్కడి అభిమానులకు, తమ తండ్రుల కాలం నాటి యంత్రం కొత్తగా డబ్బాలో వచ్చినట్టయింది. మైసూరులో ఐడియల్ జావా 1961 నుంచి చెక్ బండ్లు తయారుచేసింది, 1973 నుంచి యెజ్దీ పేరుతో అమ్మింది, 1996లో మూతపడింది. ఇప్పటికీ ఏటా జులై రెండో ఆదివారం బెంగళూరు, హైదరాబాద్ వంటి నగరాల్లో ఆ రెండు స్ట్రోకుల బండ్లు వరుసకట్టి బయల్దేరతాయి.

ఇంగ్లీషులో ఈ అభిమానానికి తోడుగా 1998లో ‘ఓవర్‌డ్రైవ్’, 2005లో ‘బైక్ ఇండియా’ వంటి పత్రికలు వచ్చాయి. తెలుగు ఊళ్లలో మాత్రం విద్య ఎక్కువగా నోటి మీదే నడిచింది. ఆంపియర్ మీటర్ ముల్లు నడిమికి వచ్చేదాకా కిక్‌ను మెల్లగా నొక్కి, డీకంప్రెషన్ లీవర్ పట్టి పిస్టన్‌ను కాస్త దాటించి, అప్పుడు ఒక్క కిక్ కొట్టడం పాత బుల్లెట్ నడిపిన ప్రతివాడికీ ఎవరో ఒకరు పక్కన నిలబడి నేర్పిందే. గుంటూరులోనో వరంగల్‌లోనో ముప్పై ఏళ్లుగా బుల్లెట్లే విప్పిన మేస్త్రీకి చప్పుడు వింటే చాలు, ట్యాపెట్లు వదులయ్యాయో, పాయింట్లు కాలిపోయాయో తెలుస్తుంది. ఆ షెడ్డు ముందు బెంచీ మీద కూర్చుని టీ తాగుతూ దోస్తులైనవాళ్లు వేలమంది. వాళ్లు చెప్పుకున్నది కాగితం మీదికి ఎక్కింది తక్కువ.

ఆ మేస్త్రీలు ఒక్కొక్కరే పెద్దవాళ్లవుతున్నారు. పాయింట్లు, కార్బ్యురేటర్లు ఉన్న బండ్లు తగ్గిపోయి, ఇంజన్ రోగాన్ని కంప్యూటర్ చెప్పే బండ్లు వచ్చాయి. షెడ్డులో చేరే కుర్రాడికి పాత విద్య నేర్పే సందర్భమే కరువవుతోంది. రాయాల్సినవి ఏవో తెలియని పరిస్థితి కాదు: గేరు కుడి కాలికి ఉన్న కాలంలో బుల్లెట్ గేర్‌బాక్స్ సర్దిన పద్ధతులు, గేరు రాడ్‌తోనే విడిపోయే జావా క్లచ్చును కుదిర్చే తీరు, 1980లలో వచ్చిన రాజ్‌దూత్ 350కి దొరకని భాగాల బదులు ఏవి వేసి నడిపించారన్నది, ఎవరి దగ్గర ఎవరు పని నేర్చుకున్నారన్నది. వాటితో పాటు ఆ మేస్త్రీల పేర్లు, షెడ్డు ఉన్న వీధి, మొదలుపెట్టిన సంవత్సరం. బండి నడిపేవాళ్లలో రాయగలిగినవాళ్లు ఒక నోటుపుస్తకం పట్టుకుని ఆ బెంచీ మీద కూర్చుంటే, మేస్త్రీలు పని ఆపకుండానే ఇవన్నీ చెబుతారు.